గేదెల పాకలో ఈఎం ద్రావణం, యుక్కా: చాన్నాళ్ళు వాడాక

మాది కోనసీమ. పాకకీ వంటింటికీ మధ్య ఒక్క గోడే అడ్డం కాబట్టి వాసన విషయంలో మార్కులు కాస్త గట్టిగానే వేస్తాను. ఈఎం (ఎఫెక్టివ్ మైక్రోఆర్గానిజమ్స్, అంటే మేలుచేసే సూక్ష్మజీవుల ద్రావణం) వాడితే పేడ వాసన పోదు. కళ్ళు మండించే మూత్రం ఘాటు మాత్రం బాగా తగ్గింది.

ఆ ఘాటు అమ్మోనియాది. మూత్రంలోని యూరియాకి పేడలోని బ్యాక్టీరియా తోడైతే అది పుడుతుంది. ఈఎం అంటే లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా, ఈస్ట్ లాంటి వాటి మిశ్రమం. జపాన్‌లోని ఒకినావా ప్రొఫెసర్ తెరువో హిగా 1980ల్లో తెచ్చారు. ద్రావణం పుల్లన, ఆ పులుపుకి అమ్మోనియా గాల్లోకి లేవకుండా తడిలోనే ఉండిపోతుంది.

లీటరు ఈఎం, కిలో బెల్లం, 20 లీటర్ల నీళ్ళు ప్లాస్టిక్ డబ్బాలో కలిపి మూత పెట్టాలి. నల్లబెల్లమైనా చాలు. కుళాయి నీళ్ళైతే క్లోరిన్ పోవడానికి ముందు రాత్రే పట్టి ఉంచుకోవాలి. గ్యాస్ పడుతుంది, రోజూ మూత ఒకసారి వదులు చెయ్యకపోతే డబ్బా ఉబ్బుతుంది. వారానికల్లా పులిసిన కల్లు వాసన రావాలి. కుళ్ళు వాసనొస్తే పారబోయడమే. ఒక షాపులో కొన్న సీసా ఎన్నాళ్ళున్నా పులవనే లేదు, తయారీ తేదీ చూసి కొనండి. తయారైనదాన్ని బకెట్టు నీళ్ళలో ఓ టీ గ్లాసుడు కలిపి, కడిగిన గచ్చు మీద చల్లుతాను.

యుక్కా కూడా అమ్మోనియా తగ్గించడానికే, దాని గురించి రొయ్యల రైతులకి కొత్తగా చెప్పేదేం లేదు. మెక్సికో ఎడారి మొక్క సారం అది, భీమవరం వైపు ఆక్వా మందుల షాపుల్లో దొరుకుతుంది. ఈఎం కుదురుకోవడానికి రెండు మూడు వారాలు పడితే, యుక్కా చల్లిన రోజే తేడా తెలుస్తుంది. కానీ ఖరీదు. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే తప్ప నేను తియ్యను.

అసలు కష్టం వానాకాలంలో. మన డెల్టాలో అప్పుడు నేలలో నీళ్ళు పైకే ఉంటాయి, ఏదీ ఇంకదు. మూత్రం మడుగు కట్టిన చోట ఏది చల్లినా దండగే. గచ్చు వాలు సరిచేయించి, నీళ్ళు కొబ్బరి మొదళ్ళకి మళ్ళించి, గేదెల కింద కొబ్బరి పొట్టు పరిచాకే ఈఎం సత్తా తెలిసింది. పొట్టు దొరక్కపోతే ఊక వేసుకోవచ్చు, కానీ అంత తడి పీల్చదు.

ఫినాయిల్, బ్లీచింగ్ మానలేనివాళ్ళు దీనికి డబ్బు పెట్టొద్దు, అవి ఈ బ్యాక్టీరియాని కూడా చంపేస్తాయి. మా అమ్మకి ఫినాయిల్ వాసన లేనిదే కడిగినట్టే ఉండదు. పాకలో ఈఎం, వాకిట్లో ఫినాయిల్ అని ఒప్పందం చేసుకున్నాం. ఈగలు మాత్రం రెండు చోట్లా ఉన్నాయి.