శ్రీశైలం నడకకి చెప్పులా? కోఠీలో ఈ షాపు చూడండి (4 స్టార్లు)

శివరాత్రి దగ్గరకొస్తోంది కదా, ఆత్మకూరు వైపు నుంచి నల్లమలలో నడిచి శ్రీశైలం పోదాం అని మా ఆఫీసులో పెద్ద బ్యాచ్ తయారైంది, అందరూ ఐదారు వేలు పెట్టి చీలమండ దాకా వచ్చే ట్రెక్కింగ్ బూట్లు ఆర్డర్ పెట్టేస్తున్నారు. ఆగండి బాబూ. ముందు సుల్తాన్‌బజార్ మెట్రో దిగి ఆ గల్లీలో ఉన్న ఈ చిన్న చెప్పుల షాపుకి పోండి. బోర్డు పక్క షాపు నైటీల వెనక దాక్కుని ఉంటుంది, టైరు సోల్ చెప్పులు దండలా వేలాడుతుంటే అదే.

కౌంటర్ మీద పెద్దాయన సైజు అడగడు. "యాడికి నడుస్తవ్ బేటా?" అంటాడు. శ్రీశైలం అన్నా. బూట్లు ఉన్న ర్యాక్ వైపు చూడనే లేదు, వెనక పట్టీ ఉన్న శాండల్స్ తీసి పెట్టాడు, 650 రూపాయలు. అక్కడ 2800 రూపాయల బూట్లు కూడా ఉన్నాయి మరి, అవి అంటగట్టొచ్చు కదా!

ఆయన లాజిక్ నడిచాక ఇంకా బాగా అర్థమవుతుంది. దారిలో నాగలూటి వీరభద్రస్వామి గుడి దగ్గర బూట్లు విప్పాలి, అన్నదానం పందిట్లో కూర్చుంటే విప్పాలి, పొద్దుట్నుంచి లేసులు కట్టుడు విప్పుడే సరిపోతుంది. పైగా ఎండ, పాదం ఉడికి చెమటకి నానితే బొబ్బలు అక్కడే మొదలు. ఇక పెచ్చెరువు దాటాక భీముని కొలను దగ్గర లోయలోకి రాతిమెట్లు నిట్టనిలువుగా దిగాలి, మళ్ళీ అటువైపు కైలాస ద్వారం దాకా ఎక్కాలి. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించింది 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అంటారు, దండం పెట్టాల్సిందే గానీ ఆ దిగుడులో బొటనవేలు షూ ముందు భాగానికి కొట్టుకుని కొట్టుకుని గోరు నల్లబడుతుంది. అందుకే సాయంత్రం పూట రమ్మంటాడు పెద్దాయన, రోజంతా తిరిగి కాళ్ళు కాస్త ఉబ్బి ఉంటాయి కదా, అప్పుడు సాక్సు వేసుకుని చూస్తే అసలు సైజు తెలుస్తుంది. కాలి వేలి కొసకి ముందు ఇంకో వేలు పట్టేంత ఖాళీ ఉండాలంట.

ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తుల్ని చూడండి, భ్రమరాంబ వాళ్ళింటి ఆడపడుచు అంటారు, రోజుల తరబడి నడుస్తారు, కొందరైతే కర్రకాళ్ళ మీదే. వాళ్ళ కాళ్ళకి బ్రాండ్లేం ఉండవు, మామూలు చెప్పులు, లేదంటే ఏమీ ఉండవు.

మైనస్సులు కూడా చెప్పాలి. శాండల్‌లోకి గులకరాళ్ళు దూరుతాయి, ఆగి దులుపుకోవాలి, చీకట్లో నడిచేవాళ్ళకి ముళ్ళ భయం ఉంటుంది, వాళ్ళకి షూనే నయం. పట్టీ కుట్టు మొదట్లో మడమ మీద ఒరుసుకుంటుంది, అందుకే కొత్తవి వేసుకుని డైరెక్టుగా అడవికి పోకుండా నెల ముందు కొని కేబీఆర్ పార్కు చుట్టూ అరగదీయండి. షాపు సంగతికొస్తే బిల్లు అడిగితే గానీ ఇవ్వరు, సోల్ ఊడితే కుట్టిస్తారు గానీ వాపసు తీసుకోరు, లోపల కూర్చోడానికి ఒకటే స్టూలు, ఎవరైనా ఆంటీ ఎక్కిందంటే మీరు నిలబడే. ఒక స్టార్ కట్ చేసింది మాత్రం అక్కడి కుర్రాడికి, ఫోన్లోంచి తలెత్తడు, 8 అడిగితే 7 తెచ్చి "సాగుతది అన్నా" అంటాడు. సాగదు. పెద్దాయన ఉన్నప్పుడే పోండి. కారు అసలు తీసుకెళ్ళకండి, ఆ గల్లీలో బండి పెట్టడానికే దిక్కులేదు, మెట్రోలో పోతే పక్క స్టేషనే ఎంజీబీఎస్ బస్టాండు, కర్నూలు బస్సు టికెట్ పని కూడా అటే అయిపోతుంది. ఆదివారం మూసేస్తారు.

నల్లమల దారి టైగర్ రిజర్వ్ లోపల కాబట్టి శివరాత్రికి, ఉగాదికే తెరుస్తారు, అందరూ ఒకేసారి ఎగబడతారు. పండగ వారం ముందు పోతే 8, 9 సైజులు దొరకవు, ఆ కుర్రాడు 7 చూపిస్తాడు.