పల్లెదారుల్లో కారు ప్రయాణం: ఏ రోడ్డు, ఏ బస, ఎంత నిదానం

హైవే దిగి పల్లెదారి పట్టిన మొదటి పావుగంటే అసలు కష్టం. ట్రాఫిక్ ఉండదు, హారన్లు ఉండవు, అయినా మనసు కుదుటపడదు. గంటల తరబడి 100లో వచ్చిన కంటికి 60 అంటే పాకుతున్నట్టే ఉంటుంది, కాలు దానంతటదే యాక్సిలరేటర్‌ని ఇంకాస్త నొక్కుతుంది, స్పీడోమీటర్ వైపు చూస్తే తప్ప ఎంతలో పోతున్నామో తెలియదు. అందుకే ఇప్పుడు మేము హైవే దిగగానే వీలున్నచోట బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, కాసేపు అటూ ఇటూ నడిచి, అప్పుడు మళ్ళీ స్టీరింగ్ పట్టుకుంటున్నాం. ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే ఆ కాసేపట్లో కన్ను హైవే వేగాన్ని మర్చిపోతుంది, మిగతా దారంతా తేడా తెలుస్తుంది.

రోడ్ల సంగతికొస్తే, నాకు అన్నిటికన్నా నచ్చినవి ఏటి గట్టు వెంబడి పోయేవి. ఎత్తుపల్లాలు తక్కువ, ఎదురుగా వచ్చే బండి చాలా దూరం నుంచే కనిపిస్తుంది, కాబట్టి ఎక్కడ తప్పుకోవాలో తీరిగ్గా చూసుకోవచ్చు. కాకపోతే అంచున గోడ ఉండదు, వాన పడ్డాక అంచు మట్టి మెత్తబడుతుంది, అందుకని తడి రోజుల్లో టైర్లు తారు మీద నుంచి దిగకుండా చూసుకోవాలి. పొలాల మధ్య రోడ్లు చూడ్డానికి ఇంకా బాగుంటాయి గానీ పైరు మనిషెత్తు పెరిగిన కాలంలో మలుపు అవతల ఏముందో బొత్తిగా కనిపించదు. ముందు ట్రాక్టర్ పోతుంటే దాన్ని దాటాలన్న తొందర అస్సలు వద్దు. అది ఏ నిమిషానైనా పొలంలోకి తిరగొచ్చు, వెనక ట్రైలర్ నిండా లోడుంటే ఇండికేటర్ వేసినా మనకు కనపడదు. చాలాసార్లు అది కొంచెం దూరమే వెళ్ళి తనే పక్కకు తిరిగిపోతుంది.

అడవి రోడ్ల మీద నా అభిప్రాయం కొంచెం వేరు. అందరూ మెచ్చుకునేవి అవే, కానీ ప్రశాంతంగా నడపడానికి అవి తేలికైనవి కావు. ఎండా నీడా చకచకా మారుతుంటే కన్ను సర్దుకోలేక అలసిపోతుంది, పొద్దున్నే, సాయంత్రం చీకటి పడే వేళ జంతువులు రోడ్డు దాటుతుంటాయి. ఒక జింక దాటిందంటే వెనక ఇంకోటి ఉందనే అనుకోవాలి. అకస్మాత్తుగా ఏదైనా అడ్డొస్తే స్టీరింగ్ తిప్పేయకుండా నేరుగా ఉంచి గట్టిగా బ్రేక్ వేయడమే మేలు, పక్కకు కోస్తే చెట్టుకో ఎదురు బండికో తగులుతాం. కొండ దారుల్లో దిగేటప్పుడు మాత్రం కాలు బ్రేక్ మీద ఆనించి పెట్టుకుని పోకూడదు, బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ముందుగానే గేరు తగ్గించి ఇంజినే బండిని పట్టి ఉంచేలా దిగితే కాళ్ళకూ మనసుకూ హాయి.

ఇక బస. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ప్రయాణంలో టెన్షన్ చాలావరకు రోడ్డు వల్ల కాదు, ఎక్కడ దిగాలి, ఎప్పటికి చేరాలి అన్న లెక్క వల్లే పుడుతుందని నాకు బాగా అర్థమైంది. చెకిన్ టైం గట్టిగా పెట్టే చోటు బుక్ చేసుకుంటే మధ్యాహ్నం నుంచే గడియారం చూడటం మొదలవుతుంది, ఆ తర్వాత దారిలో ఎంత మంచి చోటు కనిపించినా ఆగాలనిపించదు. రోడ్డు పక్క లాడ్జీల్లో ఎప్పుడు వెళ్ళినా గది ఇస్తారు, అది సుఖమే, కానీ రాత్రంతా లారీల చప్పుడుకు నిద్ర సరిగా పట్టదు. నిద్ర లేని మర్నాడు ఖాళీ రోడ్డే అన్నిటికన్నా ప్రమాదం. ఊరి మధ్య ఒక కుటుంబం నడిపే ఇంట్లో దిగితే నిద్ర బాగా పడుతుంది, పైగా ఏ రోడ్డు తవ్వేశారో, ఏ వాగు పొంగిందో వాళ్ళకు తెలుస్తుంది. ఆ సమాచారం చాలాసార్లు ఏ యాప్‌లోనూ దొరకదు. అయితే బండి పెట్టుకునే చోటుందా, సందులోకి కారు పడుతుందా అని ముందే ఫోన్ చేసి అడగండి. ఊరికి దూరంగా పొలంలో ఉండే గెస్ట్ హౌస్‌లు ఫొటోల్లో చాలా బాగుంటాయి, చివరి రెండు మూడు కిలోమీటర్లు మట్టిరోడ్డైతే మాత్రం చీకట్లో దాన్ని వెతుక్కోవడం పెద్ద యాతన. నేనైతే అలాంటిచోట ఒకే రాత్రికి దిగను, రెండు రాత్రులైనా ఉండేలా అయితేనే దిగుతాను.

ఏ బసైనా వెలుగుండగానే చేరాలన్నది మా ఇంట్లో నియమం. లోబీమ్, అంటే కిందికి దించిన హెడ్‌లైటు, దారిని సరిగ్గా చూపించేది సుమారు 40 నుంచి 60 మీటర్ల మేర. 80లో పోతున్న కారు పొడి రోడ్డు మీద, బ్రేక్ నొక్కాలని మనకు తట్టే క్షణంతో కలిపి, ఆగడానికి 50 మీటర్ల పైనే తీసుకుంటుంది. అంటే లైట్లో ఏదైనా కనపడే సరికే మనం దాని మీదికి వచ్చేసినట్టు. వేగం సగానికి తగ్గిస్తే బ్రేక్ వేశాక పోయే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకే రాత్రి తప్పనిసరైతే 40, 50కి మించి పోము. పగలు మలుపుల్లోనూ ఇదే లెక్క, కంటికి కనిపిస్తున్న దూరంలో ఆగగలిగే వేగమే సరైన వేగం.

అద్దె కారు తీసుకునేవాళ్ళు స్టెప్నీ ఉందో లేదో డిక్కీ తెరిచి కళ్ళారా చూసుకోండి. ఒకచోట మాకిచ్చిన కారులో స్టెప్నీ బదులు పంక్చర్ కిట్ ఉంది, టైరు పక్కభాగం చిరిగితే ఆ కిట్ దేనికీ పనికిరాదు, అడిగితే ‘అందరికీ ఇదే ఇస్తున్నాం’ అన్నారు. కొన్నిట్లో సన్నటి తాత్కాలిక టైరు ఉంటుంది, దాంతో 80 దాటకూడదు. గాలి ఎంతుందో పొద్దున్నే, టైర్లు వేడెక్కకముందే చూసుకోవాలి. మ్యాప్ మాత్రం వైఫై ఉన్నచోటే డౌన్‌లోడ్ చేసిపెట్టుకోండి. సిగ్నల్ పోయినా ఉపగ్రహాల నుంచి వచ్చే జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది, బొమ్మ ఫోన్లో ఉంటే చాలు. యాప్ చూపించే దగ్గరి దారిని గుడ్డిగా నమ్మకండి, నిమిషాలు కలిసొస్తాయని అది సందుల్లోకి తోసేస్తుంది. పెట్రోల్ సగం ట్యాంకుకు రాగానే పోయించుకుంటే ఆ ఒక్క బెంగ పూర్తిగా తీరుతుంది.

ఒంటి సంగతి కూడా ముఖ్యమే. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి, అలా సీటు జరుపుకుంటే మెడ పట్టేయదు. చేతులు గడియారంలో 9, 3 ఉండే చోట పెట్టుకుని వదులుగా పట్టుకుంటే చాలు. వేళ్ళు బిగుసుకుంటున్నాయంటే లోపల కంగారు మొదలైందని గుర్తు, అప్పుడు ఊపిరి పీల్చిన దానికన్నా వదిలేది నిదానంగా, ఎక్కువసేపు వదిలితే గుండె వేగం తగ్గి తేలికవుతుంది. ఏసీ లోపలి గాలినే తిప్పే బటన్ మీద ఉంచేస్తే కారులో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తుగా ఉంటుంది, దుమ్ము దాటగానే బయటి గాలి రానివ్వండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఒంటికి సహజంగానే కునుకు వస్తుంది. పాటల సౌండ్ పెంచి దాన్ని ఆపలేం. కాఫీ తాగినా అది పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది, ఈలోపు బండి ఆపి 15, 20 నిమిషాలు నిద్రపోతే రెండూ కలిసొస్తాయి. మా అన్నయ్యకు ఇది చెప్పి ఒప్పించడానికి చాలా కాలం పట్టింది, ఇప్పుడు తనే ముందు సీటు వాలుస్తాడు.

ఒక్క బండే పట్టే రోడ్డు మీద వెనక ఎవరైనా అంటుకుని వస్తుంటే వేగం పెంచకండి, దారివ్వండి. స్కాట్లాండ్ కొండప్రాంతాల్లో ఇలాంటి రోడ్ల పక్కన ‘పాసింగ్ ప్లేస్’ అని బోర్డులు పెట్టి ఉంటాయి, ఎదురొచ్చేవాళ్ళకే కాదు, వెనక నుంచి దాటాలనుకునేవాళ్ళకీ అక్కడ ఆగి దారివ్వాలి. బోర్డులు లేని చోట ఆ చోటును మనమే చూసుకోవాలి, పొలం గేటు ముందరో, రోడ్డు కాస్త వెడల్పైన చోటో ముందుగా ఇండికేటర్ వేసి పక్కకు తీస్తే సరిపోతుంది. గేటు దగ్గరైతే అడ్డంగా ఎక్కువసేపు ఉంచొద్దు, లోపల పనిచేసే వాళ్ళ బండి బయటికి రావాల్సి ఉండొచ్చు.