నల్లగొండ పూల్‌లో బయన్సీ క్లాస్: వెయిట్ల లెక్క మాత్రం మీరే చూసుకోండి

స్కూబా సర్టిఫికెట్ చేతికొచ్చినా బయన్సీ, అంటే నీళ్లలో మునగకుండా, పైకి తేలకుండా నిలకడగా ఉండడం, కుదరనివాళ్ల కోసం పెట్టిన రెండు గంటల క్లాస్ ఇది. వైజాగ్ పోయి సముద్రంలో తడబడే బదులు ఇక్కడ సాధన చేసుకోవడం నయం. నాలుగు స్టార్లు.

వెయిట్ చెక్, అంటే మునగడానికి కట్టుకునే బరువులు ఎన్ని కావాలో చూడడం, ఓపిగ్గా చేయిస్తారు. గాలి నింపుకునే డైవింగ్ జాకెట్‌లో గాలంతా తీసేసి, కాళ్లు ఆడించకుండా నిటారుగా ఉండి, మామూలు ఊపిరి తీసుకుంటే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి. వదిలితే మునగాలి. బరువు ఎక్కువైతే కాళ్లు కిందికి జారతాయి, కాళ్లకు తొడిగే ఫిన్ కొట్టినప్పుడల్లా మనిషి పైకి పోతాడు, ఆపగానే మునుగుతాడు.

మన దగ్గర బాయిల్లో ఈత నేర్చినోళ్లకు అసలు తిప్పలు ఊపిరితోనే. దుంకే ముందు బిగబట్టే అలవాటు ఒక పట్టాన పోదు. స్కూబాలో అట్లా బిగబట్టి పైకి లేస్తే గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, పూల్ లోతులో కూడా. అందుకే కోచ్ కళ్లన్నీ బుడగల మీదే, ఆగాయంటే భుజం తడతాడు. అర లీటరు గాలి ఎక్కువ పీలిస్తే అర కిలో తేలికవుతారు, కానీ అది తెలియడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. అంతలో తొందరపడి జాకెట్‌లోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ నొక్కితే పైకి తన్నుకొస్తారు. ఇక్కడ కుదరట్లేదని దిగులొద్దు. 2 మీటర్ల లోతు నుంచి ఒక మీటరు లేస్తే జాకెట్‌లో గాలి 9 శాతం ఉబ్బుతుంది, 20 మీటర్ల దగ్గర 3 శాతం పైచిలుకే. అందుకే సముద్రం లోతుల్లో కన్నా పూల్‌లో నిలకడగా ఉండడమే కష్టం.

స్టార్ తగ్గించింది వెయిట్ల లెక్క పూర్తిగా చెప్పనందుకు. ఉప్పునీళ్లు దాదాపు రెండున్నర శాతం బరువెక్కువ. సామానుతో కలిపి 95 కిలోలుండే మనిషికి సముద్రంలో ఇంకో 2.4 కిలోలు కావాలి. చెక్ నిండు సిలిండర్‌తో చేయించారు. 11 లీటర్ల సిలిండర్‌లో ఒత్తిడి 200 బార్ నుంచి 50కి వచ్చేసరికి 2 కిలోల గాలి ఖర్చయి అంత తేలికవుతారు, ఆ బరువు కూడా ముందే కలపకపోతే చివర్లో భద్రత కోసం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సినప్పుడు నిలవలేరు. వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే డైవింగ్ సూట్) మారితే చెక్ మళ్లీ మొదటికే.

కిరాయి జాకెట్లలో కొన్నిటికి గాలి వదిలే వెనక వాల్వ్ తాడు బిగుసుకుపోయింది. తల కిందికున్నప్పుడు గాలి వదలాలంటే అదే దిక్కు, వేసుకునే ముందే లాగి చూడండి. ఆదివారం బ్యాచ్‌లో జనం ఎక్కువ, నీళ్లు కదులుతూనే ఉంటాయి. మామూలు రోజు పొద్దున అడగండి.