అమ్మ మోకాళ్ళ కోసం కొన్న రోబో: ఎనిమిది నెలల వాడకం తరువాత

మా అమ్మకు డెబ్బై మూడేళ్ళు. రెండు మోకాళ్ళూ బాగా అరిగిపోయాయని డాక్టరు చెప్పి మూడేళ్ళు దాటింది. అయినా తెల్లవారగానే చీపురు పట్టందే ఆమెకు రోజు మొదలవదు. పనిమనిషి వచ్చేసరికి తొమ్మిదవుతుంది, అంతవరకూ ఇల్లు ఊడవకుండా దేవుడి దగ్గర దీపం పెట్టడానికి ఆమె మనసు ఒప్పదు. వంగి మూడు గదులూ ఊడ్చిన రోజు సాయంత్రం కాళ్ళు చాపుకుని వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టుకోక తప్పేది కాదు. ఎన్నిసార్లు వద్దన్నా వినని మనిషిని మాటలతో ఆపలేమని తెలిశాక, 27,000 రూపాయలు పెట్టి ఇల్లు ఊడ్చి తుడిచే రోబోను కొన్నాం. ఎనిమిది నెలలుగా వాడుతున్నాం. ఇలాంటిది ఇంట్లో పెద్దవాళ్ళ కోసం కొనాలనుకునేవారికి పనికివస్తుందని మా అనుభవం వివరంగా రాస్తున్నాను.

కంపెనీ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. లేజర్‌తో దారి చూసుకునే యంత్రాలు ఈ ధరలో దాదాపు అన్నీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి, నేను చెప్పే మంచిచెడ్డల్లో ఎక్కువ భాగం ఆ తరగతికంతటికీ వర్తిస్తుంది.

మాది మియాపూర్‌లో ఐదో అంతస్తులో మూడు పడక గదుల ఫ్లాట్. నేలంతా తెల్ల టైల్స్. పక్క స్థలంలో కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్నారు కనుక ఉదయం ఊడ్చిన ఇల్లు మధ్యాహ్నానికి మళ్ళీ కాలికింద గరగరలాడుతుంది. రోబో తన విలువను ముందుగా నిరూపించుకున్నది ఈ దుమ్ము విషయంలోనే. మొదటి రోజు ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చాక దాని చెత్త డబ్బా తెరిచి చూస్తే, ఆ ఉదయమే ఊడ్చిన ఇంట్లోంచి గుప్పెడు బూడిదరంగు పొడి వచ్చింది. చీపురుతో ఊడ్చినప్పుడు సన్నటి దుమ్ములో కొంత గాల్లోకి లేచి మళ్ళీ నేలమీదే పడుతుంది. ఈ యంత్రం దాన్ని లోపలికి పీల్చి ఫిల్టర్‌లో పట్టి ఉంచుతుంది. అమ్మ మంచం కిందికి దూరి, అటు గోడవరకూ వెళ్ళి, మళ్ళీ తనంతట తానే బయటికి రావడం చూసి, “చూశావా నాన్నా, ఆ మూలకు నా చీపురు చేరి ఎన్నేళ్ళయిందో!” అంది అమ్మ. ఆమె దాన్ని మెచ్చుకున్నది ఆ క్షణంలోనే.

అది దారి తెలుసుకునే తీరు గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే కొనేముందు ఇది తెలిస్తే సగం ఇబ్బందులు తప్పుతాయి. యంత్రం నెత్తిమీద చిన్న బురుజులాంటి భాగంలో లేజర్ గుండ్రంగా తిరుగుతూ చుట్టూ ఉన్న గోడలు, సామాను ఎంత దూరంలో ఉన్నాయో కొలుస్తుంటుంది. ఆ కొలతలనూ, చక్రాలు ఎంత తిరిగాయన్న లెక్కనూ కలిపి, ఇంటి పటాన్నీ అందులో తానున్న చోటునూ ఒకేసారి తేల్చుకుంటుంది. ఆ పటం ఫోన్‌లో కనిపిస్తుంది. ఏ గది ఎప్పుడు ఊడవాలో, ఎక్కడికి వెళ్ళకూడదో దానిమీదే గీత గీసి చెప్పవచ్చు. మా ఇంటి పటంలో మొదట నాలుగో పడక గది కూడా ఉంది! మా గదిలో నేలదాకా దిగిన వార్డ్‌రోబ్ అద్దంలో ప్రతిఫలించిన గదిని లేజర్ నిజమైన గదిగా లెక్కవేసిందని అర్థం కావడానికి మాకు రెండు రోజులు పట్టింది. అద్దం అడుగుభాగాన జానెడు వెడల్పు కాగితం అంటించి పటం మళ్ళీ గీయించాక ఆ లేని గది మాయమైంది.

నల్ల గ్రానైట్ మరో చిక్కు. మన అపార్ట్‌మెంట్లలో వంటగది గుమ్మంలో, బాల్కనీ గుమ్మంలో నల్ల గ్రానైట్ పట్టీ పరచడం మామూలే. మెట్ల మీంచి పడిపోకుండా ఈ యంత్రాల అడుగున పరారుణ సెన్సర్లు ఉంటాయి. అవి కంటికి కనిపించని వెలుగును నేలమీదికి పంపి, అది తిరిగి వచ్చిందో లేదో చూసి, కింద నేల ఉన్నదీ లేనిదీ నిర్ణయిస్తాయి. ముదురు నలుపు ఆ వెలుగును మింగేయడంతో మా రోబో వంటగది గుమ్మం ముందు ఏదో గొయ్యి ఉన్నట్టు ఆగి వెనక్కి తిరిగేది. పట్టీమీద లేత రంగు టేపు వేశాక దాటడం మొదలుపెట్టింది. కొందరు సెన్సర్ల మీదే కాగితం అంటించుకుంటారు కానీ, మెట్లున్న ఇంట్లో ఆ పని చేస్తే యంత్రం కిందపడడం ఖాయం. పూజగదికి చెక్క గడప ఉంది, రెండు అంగుళాల ఎత్తు. ఈ రోబో ఎక్కగలిగేది రెండు సెంటీమీటర్లే కనుక ఆ గది అమ్మ చేతిలోనే ఉండిపోయింది. అది ఆమెకు ఇష్టమే. చిన్న గది కాబట్టి ముక్కాలి పీటమీద కూర్చునే ఊడ్చుకుంటుంది.

ఈ చిక్కులు చూస్తుంటే రోబోల చరిత్రలో ఒక విషయం నాకు బాగా అర్థమైంది. జార్జ్ డెవోల్ ఆలోచనను జోసెఫ్ ఎంగెల్‌బర్గర్ యంత్రంగా మార్చి, 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ కర్మాగారంలో తొలి పారిశ్రామిక రోబో యూనిమేట్‌ను పనిలో పెట్టాడు. అచ్చులోంచి వచ్చే కాలే లోహపు భాగాలను మనిషి చేయి కాలకుండా తీసి పెట్టడం దాని పని. ఆ తరువాత ఎంగెల్‌బర్గర్ ఆసుపత్రి నడవాల్లో భోజనం ట్రేలు, మందులు మోసుకెళ్ళే హెల్ప్‌మేట్‌ను తయారు చేయించాడు. వృద్ధులకు ఇంట్లో సాయపడే రోబో రావాలన్నది చివరిదాకా ఆయన కోరిక. కర్మాగారం దాటి ఆసుపత్రికి, ఆసుపత్రి దాటి ఇంటికి రావడానికి ఇంత కాలం ఎందుకు పట్టిందంటే, కర్మాగారంలో వస్తువు ప్రతిసారీ ఒకే చోటికి, ఒకే తీరున వస్తుంది, ఇంట్లో ఏదీ నిన్నటి చోట ఈరోజు ఉండదు. ఇల్లు ఊడ్చే రోబోల్లో ఎలక్ట్రోలక్స్ వారి ట్రైలోబైట్ 2001లో, ఐరోబాట్ వారి రూంబా 2002లో మార్కెట్లోకి వచ్చాయి. తొలినాటి రూంబాలకు పటం ఉండేది కాదు, గోడకు తగిలి దిశ మార్చుకుంటూ తిరిగేవి. నేటి యంత్రాలకు పటం వచ్చింది, కానీ చెప్పులు, ఫోన్ ఛార్జర్ తీగలు, కుర్చీ మీంచి వేలాడే చీర కొంగు, పిల్లల రబ్బరు బ్యాండ్లు ఆ పటంలో ఉండవు. కర్మాగారాన్ని రోబోకు తగినట్టు ఇంజనీర్లు కట్టారు. మన ఇంటిని మనమే రోజూ దానికి తగినట్టు సర్దిపెట్టాలి. మా ఇంట్లో రాత్రి పడుకునేముందు నేలమీద ఏమీ లేకుండా చూసే బాధ్యత మా అమ్మాయిది, కుర్చీలు బల్లమీదికి ఎత్తడం నాది.

కొన్ని పనులు దీనికి అప్పగించకూడదని అనుభవం మీద తెలుసుకున్నాం. ఒకరోజు పోపులపెట్టె చేయి జారి ఆవాలు వంటగదంతా పడ్డాయి. రోబోను పంపితే, మూలల్లోంచి చెత్త లాగడానికి పక్కన తిరిగే చిన్న బ్రష్ ఆ ఆవాలను ఒక్కసారిగా హాల్లోకి చిమ్మింది. సోఫా కింద నెలరోజులపాటు ఆవాలు దొరుకుతూనే ఉన్నాయి. గింజలు పడితే చీపురూ చేటే సరైనవి. రవ్వ, పిండి మాత్రం శుభ్రంగా ఎత్తేస్తుంది. నీళ్ళు, చారు, పాలు ఒలికిన చోటికి దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ పోనివ్వకూడదు, తడి మోటారులోకి వెళితే బాగుచేయడం కష్టం. ఇక ఆడవాళ్ళ పొడవాటి జుట్టు. ప్రతి ఆదివారం రోలర్ బ్రష్ విప్పి, చుట్టుకున్న వెంట్రుకలను కత్తెరతో కోసి తీయాల్సిందే. వేసవిలో తలలోంచి జారిపడిన మల్లెపూల దండ దారం ముందు చక్రం ఇరుసుకు ఎంత గట్టిగా బిగుసుకుందంటే, సూదితో ఒక్కో పోగూ లాగడానికి అరగంట పట్టింది, అందులోంచి వాడిన మల్లె రేకులు ఇంకా వాసన వేస్తూ ఊడివచ్చాయి.

తుడవడం దీని బలహీనత. వెనక తగిలించే గుడ్డ తడిసి నేలమీద ఈడ్చుకుపోవడమే తప్ప ఒత్తి రుద్దదు. దుమ్ము పొర పోతుంది, పసుపు మరకా కాఫీ మరకా పోవు. పనిమనిషి వారానికి రెండుసార్లు పెట్టే తడిగుడ్డకు ఇది ప్రత్యామ్నాయం కాదు, ఆమె పని మేము తగ్గించనూ లేదు, జీతం తగ్గించనూ లేదు. ట్యాంకులో మేము చేసిన తప్పు బోరు నీళ్ళు పోయడం. మూడో నెలలో ఆ ఉప్పు పేరుకుని నీటి దారి మూసుకుపోయింది. అప్పటినుంచి ఫిల్టర్ నీళ్ళే పోస్తున్నాం. ఫినాయిలు పోయవద్దని పుస్తకంలో రాసి ఉంది, పాటిస్తున్నాం.

పెద్దవాళ్ళున్న ఇంట్లో అన్నిటికంటే జాగ్రత్తపడవలసింది కాళ్ళకు అడ్డం పడే విషయంలో. వెనకనుంచి మెల్లగా వచ్చే యంత్రం అమ్మకు వినపడలేదు, ఒకసారి వెనక్కి అడుగు వేయబోయి దానిమీద కాలు మోపింది. గోడ పట్టుకోబట్టి సరిపోయింది, తుంటి విరిగి ఉంటే ఈ సమీక్షే ఉండేది కాదు. ఆ రోజునుంచి ఉదయం ఆరింటికి, ఆమె బాల్కనీలో కాఫీ తాగుతూ కూర్చునే నలభై నిమిషాల్లోనే అది తిరుగుతుంది. ఆమె ఇంట్లోకి రాకముందే తన ఛార్జింగ్ స్టాండుకు చేరుకుంటుంది. కరెంటు పోతే మాత్రం ఈ క్రమం తప్పుతుంది. స్టాండు పంపే సంకేతాన్ని పట్టుకునే రోబో దానిమీదికి ఎక్కుతుంది, కరెంటు లేనప్పుడు ఆ సంకేతమూ ఉండదు కనుక నడవ మధ్యలో ఆగిపోతుంది. స్టాండును ఇన్వర్టర్ లైనుకు కలిపించాక ఆ భయం తీరింది.

కెమెరా ఉన్న రకం వద్దని ముందే నిర్ణయించుకున్నాం. అభివృద్ధి దశలోని ఒక రోబో వాక్యూమ్ తీసిన ఇళ్ళ లోపలి దృశ్యాలు, అందులో స్నానాలగదిలో ఉన్న ఒక మహిళ ఫోటో కూడా, ఫోటోలకు గుర్తులు పెట్టే ఒప్పంద కార్మికుల ద్వారా ఇంటర్నెట్ గ్రూపుల్లోకి చేరినట్టు 2022లో అమెరికాలో బయటపడింది. చిన్న వస్తువులను గుర్తించడానికి కెమెరా ఉపయోగమే, అయినా అమ్మ పడుకునే గదిలోకి రోజూ వెళ్ళే యంత్రానికి ఆ కన్ను అక్కరలేదనిపించింది. పీల్చే శక్తి ఇంత అంటూ ప్రకటనల్లో ఊదరగొట్టే పాస్కల్ అంకెలను కూడా పెద్దగా పట్టించుకోవద్దు. తివాచీలున్న ఇళ్ళలో పీల్చే శక్తికి విలువ ఎక్కువ, టైల్స్ నేలమీద 4,000 పాస్కల్స్ మాకు చాలినంత. దానికి బదులు టేపు తీసుకుని మంచాలు, సోఫాల కింద ఖాళీ కొలవండి. లేజర్ బురుజుతో కలిపి దీని ఎత్తు పది సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. మా దివాన్ కింద ఎనిమిదే ఉన్నాయి, అక్కడికి ఈనాటికీ చీపురే వెళ్ళాలి.

సర్వీసు విషయంలో నాకు గట్టి అసంతృప్తి ఉంది. నీటి దారి మూసుకున్నప్పుడు యంత్రాన్ని కొరియర్‌లో పంపమన్నారు. పందొమ్మిది రోజులకు తిరిగి వచ్చింది, ఆ పందొమ్మిది రోజులూ అమ్మ మళ్ళీ వంగి ఊడ్చింది. ఇంత పెద్ద నగరంలో నేరుగా తీసుకెళ్ళి ఇచ్చే చోటు ఒకటైనా ఉండాలి. బ్రష్‌లు, ఫిల్టర్లు వారంటీలోకి రావు, ఏడాదికి వాటికే మూడు వేల వరకూ అవుతుందని లెక్కవేసుకోండి.

అయినా మళ్ళీ కొనమంటే కొంటాను. ఎనిమిది నెలల్లో అమ్మ సాయంత్రం కాపడం పెట్టుకున్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, ఆమె చీపురు ఇప్పుడు పూజగదికీ దివాన్ కిందికీ మాత్రమే. ఒంటరిగా ఉండే వృద్ధులకు మాత్రం నేను సిఫారసు చేయను. నేల సర్దేవారు, వెంట్రుకలు కోసేవారు, ఫోన్ చూసేవారు పక్కన లేకపోతే అది వారం తిరక్కుండానే మూలపడుతుంది. దానికి తోడు యంత్రం మాట్లాడేది ఇంగ్లీషు, హిందీ మాత్రమే. ఇంట్లో రోజంతా దానితో ఉండే మనిషికి వచ్చిన భాష తెలుగు. చక్రం ఇరుక్కున్నప్పుడు అది మూడుసార్లు చెప్పినా, ఏం కావాలంటోందో తెలియక అమ్మ నాకు ఆఫీసుకు ఫోన్ చేసేది. ఇరవై వాక్యాలు తెలుగులో రికార్డు చేయించడం ఏ కంపెనీకీ భారం కాదు. కంపెనీకి ఈ సంగతి రెండుసార్లు రాశాను. ప్రస్తుతానికి మా అమ్మాయి రాసిన కాగితం ఫ్రిజ్ తలుపుమీద ఉంది: “మెయిన్ బ్రష్ స్టక్ అంటే బ్రష్‌కు ఏదో చుట్టుకుంది నాన్నమ్మా. డస్ట్ బిన్ అంటే డబ్బా ఖాళీ చెయ్యాలి. క్లిఫ్ సెన్సర్ అంటే దాని కింద పొడిగుడ్డతో తుడువు. వంగకు, దాన్ని ఎత్తి బల్లమీద పెట్టుకో.”