మా మిద్దెతోట గ్రూప్‌కు పెట్టుకున్న కొత్త వీఏ: మోడరేషన్ సర్వీస్ ఎట్లున్నది (హన్మకొండ)

ముందే చెప్తున్న, ఐదుకు నాలుగు స్టార్లు. ఒక్క స్టార్ ఎందుకు కట్ అయిందో కింద రాస్త. వీఏ, అదే వర్చువల్ అసిస్టెంట్ (ఆన్‌లైన్‌ల ఉండి పని చేసిపెట్టేటోళ్లు) అనంగనే కాల్స్ మాట్లాడుడు, ఎక్సెల్ కొట్టుడు, అపాయింట్‌మెంట్లు చూసుడే అనుకునేటోళ్లకు ఇది జర కొత్తగ ఉంటది, నేను తీసుకున్నది కమ్యూనిటీ మోడరేషన్ ఒక్కటే. గ్రూప్‌ల ఎవరిని రానియ్యాలె, ఏ పోస్ట్ ఉంచాలె, ఏది తియ్యాలె, కొట్లాట షురూ అయితే ఎవరికి ఏం చెప్పాలె, రోజూ కూసొని ఇది చూసే పని. చేసేది పరకాల దిక్కు అమ్మాయి, డిగ్రీ అయిపోయింది, మేమే ఆమెకు మొదటి క్లయింట్. పేరు పెట్టొద్దన్నది, పెడ్తలేను.

మా గ్రూప్ అంటే హన్మకొండ, కాజీపేట, నర్సంపేట, జనగామ దిక్కు మిద్దెల మీద కూరగాయలు పండించుకునేటోళ్లం. ఫేస్‌బుక్‌ల ఒక గ్రూప్, టెలిగ్రామ్‌ల ఒకటి, వాట్సాప్‌ల ఒక్క గ్రూప్‌కు 1024 మందే పడ్తరు కాబట్టి అది నిండినంక రెండోది పెట్టి రెండిటిని కమ్యూనిటీ కింద కలిపినం. విత్తనాలు మార్చుకునుడు, పిండినల్లి ఫొటోలు పెట్టి "ఇదేంది చెప్పుండ్రి" అనుడు, కోతులను తిట్టుకునుడు, ఇదే నడుస్తది. మిరుగు (మృగశిర కార్తె) వచ్చిందంటే మాత్రం ఆగదు, సొర విత్తనాలు ఎవరి దగ్గరున్నయి, బీర ఎవరిదగ్గరున్నయి అని పొద్దటి నుంచి రాత్రి దాక మెసేజ్‌లే, ఆ గుంపులనే దొంగలు కూడ దూరుతరు. "విత్తనాలు ఫ్రీ, కొరియర్ చార్జీ మాత్రం కొట్టుండ్రి" అని క్యూఆర్ కోడ్ పెట్టేటోడు, లోన్ యాప్ లింకులోడు, ఇంట్ల కూసొని రోజుకు మూడు వేలు అనేటోడు, ఒక్క సీసా పోస్తే చెట్టు నిండ కాయలు అనేటోడు.

అంతకుముందు హైదరాబాద్‌ల ఒక ఏజెన్సీకి ఇచ్చి చూసినం, పేరెందుకు తియ్యి. వాళ్లు ఏం చేసిన్రంటే లింక్ కనబడితే డిలీట్, తిట్టు కనబడితే బ్లాక్, ఎవరన్న ఎందుకు తీసిన్రు అని అడిగితే "డియర్ మెంబర్, థ్యాంక్యూ ఫర్ రీచింగ్ అవుట్" అని కాపీ పేస్ట్. మా దాంట్ల సగం మంది రిటైర్ అయినోళ్లు, గృహిణులు. వాళ్లకు ఆ ఇంగ్లీష్ ముక్క ఎట్లుంటది చెప్పుండ్రి, ముఖం మీద తలుపు వేసినట్టు. మంచి మంచి మెంబర్లు సప్పుడు చెయ్యకుండ వెళ్లిపోయిన్రు.

ఈసారి మోడరేటర్ కావాలె అని గ్రూప్‌లనే పోస్ట్ పెడితే చాన మంది సర్టిఫికెట్లు పంపిన్రు, ఫలానా కోర్స్ చేసిన, ఫలానా టూల్ వచ్చు అని. ఈ అమ్మాయి సర్టిఫికెట్ ఏం పంపలే. గ్రూప్‌ల మామూలు మెంబర్ లెక్క చేరి కొన్ని రోజులు ఊకె చూసి ఒక పేజీ రాసి పంపింది. స్పామ్ ఎక్కువ ఏ టైమ్‌ల వస్తున్నది, ఏ ప్రశ్న మళ్ల మళ్ల అడుగుతున్నరు, మా రూల్స్‌ల ఏది క్లియర్‌గ లేదు. అండ్ల ఒకటి చూసి నేను ఫోన్ చేసిన. "అమ్మకాలు నిషేధం అని రాసిన్రు కద అక్కా, మరి ఎవరన్న మిగిలిన వంకాయ నారు పది రూపాయలకు ఇస్త అంటే అది అమ్మకమా కాదా, ఇప్పుడు కొందరిది ఉంచుతున్నరు కొందరిది తీస్తున్నరు" అని. నిజమే, మా అడ్మిన్లు నలుగురం, నలుగురిది నాలుగు తీర్లు. కొత్తగ ఈ పనిల దిగుదాం అనుకునేటోళ్లు ఎవరన్న ఇది చదువుతుంటే ఆ ఒక్క పేజీ మీద టైమ్ పెట్టుండ్రి, నాకైతే అదే నమ్మకం ఇచ్చింది.

చేతికి ఏమిచ్చినమో కూడ చెప్తే పెట్టుకునేటోళ్లకు పనికొస్తది. పాస్‌వర్డ్ ఒక్కటి కూడ ఇయ్యలే, ఆమెనే అడగలే, అది మంచి గుర్తు. ఫేస్‌బుక్‌ల అడ్మిన్ చెయ్యకుండ మోడరేటర్ చేసినం, మోడరేటర్ అయితే మెంబర్లను అప్రూవ్ చేస్తది, పోస్టులు తీస్తది గానీ అడ్మిన్లను పీకెయ్యలేదు. టెలిగ్రామ్‌ల ఇంకా నయం, మెసేజ్ తీసే పవర్, బ్యాన్ చేసే పవర్, పిన్ చేసే పవర్ అన్నిటికి వేరే వేరే స్విచ్‌లు ఉంటయి, కొత్త అడ్మిన్లను పెట్టే స్విచ్ ఒక్కటి ఆఫ్ పెట్టినం. వాట్సాప్‌ల మాత్రం మోడరేటర్ అనేది లేదు, చేస్తే అడ్మినే చెయ్యాలె. గ్రూప్ షురూ చేసినోళ్లను ఎవ్వరు తియ్యలేరు కాబట్టి నాకు పరేషాన్ లేదు, మిగిలిన ముగ్గురు మాత్రం కొద్దిరోజులు అనుమానంగనే చూసిన్రు. అదీగాక వాట్సాప్‌ల అడ్మిన్ నంబర్ అందరికి కనబడ్తది, ఆడపిల్ల, రాత్రిపూట ఎవడేం మెసేజ్ పెడ్తడో తెల్వది. అందుకే వేరే సిమ్ మేమే కొనిచ్చినం. టెలిగ్రామ్‌ల అయితే పేరు కనబడకుండ గ్రూప్ పేరుతోనే మాట్లాడే ఆప్షన్ ఉన్నది, అది ఆన్ చేసినం. ఆడోళ్లను మోడరేటర్‌గ పెట్టుకునేటోళ్లు ఇది మొదటి రోజే చెయ్యాలె.

ఇగ పని ఎట్ల చేసిందంటే, మొదట్ల ఒక తమాషా జరిగింది. టెలిగ్రామ్‌ల అమ్మేటోళ్లు ఫోన్ నంబర్ పెడ్తే బాట్ (మెసేజ్‌లను తనంతట తనే చూసి తీసేసే ప్రోగ్రామ్) పట్టుకుంటది కద, వాళ్లు తెలివి మీరి అంకెల మధ్యల గీతలు పెట్టుడు షురూ చేసిన్రు. ఈమె గూడ బాట్‌ల అంకె, గీత, అంకె కనబడితే డిలీట్ అని సెట్ చేసింది. ఇంకేముంది, 19-19-19 ఎంత కలపాలె అని అడిగినోళ్ల మెసేజ్‌లు మాయం, 13-0-45 పూతకు మంచిదా అన్నోళ్లవి మాయం. ఎరువుల పేర్లు అట్లనే ఉంటయని ఆ పిల్లకు ఎట్ల తెలుస్తది. ఒక మెంబర్ "గ్రూప్‌ల ఎరువుల గురించి మాట్లాడొద్దా ఏంది" అని వాట్సాప్‌ల వచ్చి లొల్లి పెట్టిండు. అయితే గంటల లోపల సంగతి పట్టుకున్నది, బాట్ ఎవరెవరి మెసేజ్‌లు తీసిందో చూసి, పోయిన వాళ్లందరికి ఒక్కొక్కరికి మెసేజ్ పెట్టి మళ్ల అడగమన్నది. ఫిల్టర్‌ను మార్చి, మామూలుగ వాడే ఎరువుల లిస్ట్ నన్ను అడిగి తీసుకొని అవి వదిలేసేటట్టు పెట్టింది. అటెన్క గసొంటి గడబిడ కాలే.

ఆమె రాసే మెసేజ్‌లు ఎట్లుంటయో ఒకటి చూపిస్త. సుబేదారిల ఉండే ఒక రిటైర్డ్ సార్ కంపోస్ట్ బస్తాల ఫొటో పెట్టి కింద నంబర్ రాసిండు. పోస్ట్ ఆపి ఇది పంపింది: "సార్ నమస్తే. మీ కంపోస్ట్ పోస్ట్ చూసిన, ఫొటోలు మంచిగున్నయి. నంబర్ ఉన్నది కాబట్టి ఆపిన సార్, నంబర్ పెడ్తే స్పామ్‌గాళ్లు మీకే కాల్స్ చేస్తరు. నంబర్ తీసి మళ్ల పెట్టుండ్రి, నేను చూడంగనే అప్రూవ్ చేస్త." సార్ గరం అయిండు, "నువ్వెవరమ్మా నా పోస్ట్ ఆపడానికి, ఈ గ్రూప్‌ల మొదటి నుంచి ఉన్న నేను" అని. మళ్ల గదే తీరుగ, "మీరు మొదటి నుంచి ఉన్నరనే కద సార్ ముందుగ మీకు చెప్తున్న, మీరు పాటిస్తే మిగిలినోళ్లు కూడ పాటిస్తరు" అన్నది. సార్ నంబర్ తీసి పెట్టిండు. ఇప్పుడు కొత్తోళ్లెవరన్న నంబర్ పెడ్తే ఆ సారే కింద కామెంట్ చేస్తున్నడు.

నాకు బాగ నచ్చింది ఇంకోటి, తనకు తెల్వనిది తెల్వదని ఆగుడు. ఒకాయన బెండకాయలకు పురుగు పట్టింది అంటే ఇంకొకాయన మోనో కొట్టు ఒక్క రోజుల సాఫ్ అన్నడు. మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద వాడొద్దని గవర్నమెంట్ 2005లనే నిషేధం పెట్టింది, అయినా పత్తికి కొట్టి అలవాటైనోళ్లు నోటికొచ్చినట్టు చెప్తనే ఉంటరు. పాత ఏజెన్సీ అయితే అండ్ల లింకూ లేదు తిట్టూ లేదు కాబట్టి ముట్టకపోతుండె. ఈమెకు మందుల సంగతి తెల్వదు, అయినా ఇంట్ల తినే కూరగాయల మీద విషం మందు అన్నట్టు అనిపించి ఆ పోస్ట్‌కు కామెంట్లు బంద్ చేసి, స్క్రీన్‌షాట్ నాకు పంపి "అక్కా ఇది మీరు చూడాలె, నేను తీసెయ్యొచ్చా ఉంచాల్నా తెల్వదు" అని అడిగింది. నేను చూసి, నిషేధం ఉన్నదని రాసి, లీటర్ నీళ్లకు ఐదు మిల్లీ వేప నూనె, జర సబ్బు నీళ్లు కలిపి కొట్టుండ్రి అని పెట్టి కామెంట్లు మళ్ల తెరిపించిన. పోస్ట్ తీసేస్తే ఆ సలహా చూసి పోయినోళ్లు ఇంట్ల అదే కొడుతుండె, ఉంచి కింద జవాబు రాసుడే కరెక్ట్ అయింది. ఇప్పుడు మందు పేరు కనబడితే నన్ను అడగకుండ ఏం చెయ్యదు.

ఫ్రీ విత్తనాల క్యూఆర్ కోడ్‌కు ఒక మెంబర్ పైసలు కొట్టింది, అది కూడ ఆమెనే చూసుకున్నది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యుండ్రి, ఎంత జల్ది చేస్తే అంత మంచిది అని చెప్పి, పైసలు పోయిన మెసేజ్, యూపీఐ నంబర్ స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకోమన్నది, సైబర్ క్రైమ్ పోర్టల్‌ల కంప్లయింట్ ఎట్ల పెట్టాల్నో ఫోన్‌ల చెప్పింది. ఇదంత మోడరేషన్ లెక్కల రాదు, అయినా చేసింది. అప్పటి నుంచి 1930 నంబర్ అన్ని గ్రూప్‌లల్ల పిన్ చేసి ఉన్నది.

అన్నిటికంటె నేను పైసలు దేనికి ఇస్తున్ననో ఇప్పుడు తెలుస్తున్నది, అది డిలీట్ కొట్టుడుకు కాదు. గూగుల్ షీట్ ఒకటి పెట్టింది, ఏ తారీఖు, ఏ గ్రూప్, ఏ పోస్ట్, ఏం చేసింది, ఏ రూల్ కింద, మెంబర్‌కు ఏం చెప్పింది. ఫేస్‌బుక్‌ల, టెలిగ్రామ్‌ల ఎంతో కొంత రికార్డ్ దొరుకుతది గానీ వాట్సాప్‌ల ఏం ఉండదు, అడ్మిన్ ఫలానా వాళ్లు డిలీట్ చేసిన్రు అని ఒక్క లైన్ కనబడ్తది, దాని మీదనే కొట్లాటలు అయితయి. ఇప్పుడు ఎవరన్న "నాదే ఎందుకు తీసిన్రు, ఫలానామెది ఎందుకు ఉంచిన్రు" అంటే షీట్ తెరిచి చెప్తున్నం. మా నలుగురి నాలుగు తీర్లు కూడ దానితోనే బయటపడ్డయి, నారు సంగతి కూసొని తేల్చుకున్నం, పది రూపాయల నారు ఉంచాలె, నర్సరీ ప్రచారం తియ్యాలె అని.

ఇగ కట్ అయిన స్టార్. ఆమె చూసేది పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు, మధ్యల ఒకసారి తొంగి చూసుడు. స్పామ్‌గాళ్లు వచ్చేది రాత్రి పదకొండు దాటినంక. పొద్దున లేచి చూస్తే బూతు లింకులు అట్లనే ఉంటయి, పెద్దమనుషులున్న గ్రూప్‌ల గది ఎట్లుంటది. రాత్రికి టెలిగ్రామ్‌ల స్లో మోడ్ (ఒక మెసేజ్ పెట్టినంక ఇంకోటి పెట్టాలంటే జర ఆగాలె) పెట్టుడు, ఫేస్‌బుక్‌ల పోస్ట్ అప్రూవల్ ఆన్ పెట్టుడు, వాట్సాప్‌ల రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాక అడ్మిన్లే మెసేజ్ పెట్టేటట్టు చేసుడు, ఇవన్ని మేమే అనుకొని పెట్టినం, తనంతట తను చెప్తే బాగుండు. ఫేస్‌బుక్‌ల చేరేటోళ్లకు మూడు ప్రశ్నలు పెట్టే సౌకర్యం ఉన్నది కద, జవాబు రాయనోళ్లను కూడ మొదట్ల పాపం అని రానిచ్చింది. రిక్వెస్ట్‌లనే అకౌంట్ ఎప్పుడు చేసిన్రో కనబడ్తది, నిన్న మొన్న పుట్టిన అకౌంట్‌కు మిద్దెతోట మీద అంత ప్రేమ ఎక్కడిది. ఇప్పుడు ఫేస్‌బుక్‌లనే ఉండే అడ్మిన్ అసిస్ట్ అనే సౌకర్యంతోని కొత్త అకౌంట్ల పోస్టులు వాటంతట అవే ఆగేటట్టు పెట్టినం, కొంచెం నయం. ఊర్ల కరెంట్ పోయిన రోజు నెట్ కూడ పోతది, ముందే మెసేజ్ పెడ్తది గానీ ఆ రోజు మొత్తం మా మీదనే పడ్తది.

పైసల ముచ్చట అందరు అడుగుతరు కాబట్టి రాస్తున్న. మొదటి వారం ట్రయల్, అది ఫ్రీ వద్దని మేమే పైసలు ఇచ్చినం, ఫ్రీగ చేయించుకొని తర్వాత ఫోన్ ఎత్తనోళ్లు చాన మంది ఉన్నరంట. తర్వాత నెలకు 6,000, సగం ఒకటో తారీఖున సగం నెల అయినంక, ఫోన్‌పేల. మెంబర్ల నంబర్లు, స్క్రీన్‌షాట్లు బయటికి పోవద్దని, పని మానేస్తే సిమ్ వాపస్ ఇయ్యాలని ఒక కాగితం మీద రాసుకొని ఇద్దరం సంతకం పెట్టినం. మిరుగు నుంచి మెసేజ్‌లు ఎక్కువైతయి కాబట్టి 8,000 చెయ్యమని అడుగుతున్నది. రాత్రి పదకొండుకు ఒకసారి చూస్తనంటే ఇస్త అన్న, ఇంట్ల అడిగి చెప్తనన్నది. ఇంకొక్క క్లయింట్‌కు మాత్రం ఖాళీ ఉన్నదంట, తెలుగు గ్రూప్ అయితేనే తీసుకుంటదంట, కావాల్సినోళ్లు నాకు ఇన్‌బాక్స్ చెయ్యుండ్రి, ఆమెను అడిగి కలుపుత.