శాన్ ఆంటోనియో వెళ్ళొచ్చాం: అమ్మాయిని డ్రమ్ కోర్‌కి పంపాలా వద్దా?

మా అత్తగారికి డ్రమ్ కోర్ అంటే ఏమిటో చెబుదామని ఫోన్లో ఒక వీడియో పెట్టి చూపించాను. రెండు నిమిషాలు చూసి, "పెళ్ళి బ్యాండేగా ఇది! దీనికోసం పిల్ల వేసవంతా ఇల్లొదిలి తిరగాలా?" అన్నారు. నవ్వొచ్చింది. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర కూడా సరైన జవాబు లేదు. అందుకే జూలైలో డాలస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి శాన్ ఆంటోనియోకి బయల్దేరాం. అక్కడి అలమోడోమ్ స్టేడియంలో డ్రమ్ కోర్ల పోటీ, డీసీఐ సౌత్‌వెస్టర్న్ చాంపియన్‌షిప్ ఉంది. షో చూడటం ఒక పని. కోర్ పిల్లలు ఎక్కడ పడుకుంటారో, ఏం తింటారో చూడటం నా అసలు పని.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డ్రమ్ కోర్‌లో ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్స్, జెండాలు తిప్పే కలర్ గార్డ్ ఉంటాయి. పెద్ద కోర్ అయితే నూట యాభైమందికి పైనే. వేసవంతా ఒకే షో, పన్నెండు నిమిషాలది, దాన్నే సానబెడుతూ ఊరూరా తిరుగుతారు. వీటి పోటీలు నడిపే సంస్థ డీసీఐ, అంటే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్. మొదటి చాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది. ఇప్పుడు ఆగస్టులో ఇండియానాపోలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియంలో ఫైనల్స్. మే నెలాఖరులో మొదలై ఆగస్టు రెండో వారం దాకా పిల్లలు ఇంటి మొహం చూడరు.

మా పెద్దమ్మాయి పదకొండో తరగతిలోకి వస్తోంది. స్కూల్ కాన్సర్ట్ బ్యాండ్‌లో ఫ్రెంచ్ హార్న్ వాయిస్తుంది, మార్చింగ్ సీజన్లో దాని బదులు నడుస్తూ వాయించే మెలోఫోన్. పెద్దయ్యాక బ్యాండ్ డైరెక్టర్, అంటే స్కూల్ బ్యాండ్‌కి నేర్పే టీచరు, కావాలని దాని కోరిక. మా ఆయనకి ఆ కోరికో టెన్షన్, నాకు ఈ డ్రమ్ కోర్ ఓ టెన్షన్.

ఐ-35 మీద ఐదు గంటల దారన్నారు. ఆస్టిన్ ట్రాఫిక్ పుణ్యమా అని ఆరున్నర పట్టింది. దారిలో వెస్ట్ అనే చిన్న ఊళ్ళో ఆగాం. అక్కడి చెక్ దేశపు తరహా బేకరీల్లో దొరికే కొలాచీలు (లోపల ఏదో ఒకటి పెట్టిన బన్నులు) మా పిల్లలకి ప్రాణం. యాప్రికాట్‌ది, చీజ్‌ది తీసుకుంటే చాలు, కొన్నిటిలో సాసేజ్ ఉంటుంది, అడిగి కొనాలి. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర న్యూ బ్రాన్‌ఫెల్స్ దాటకముందే అయిపోయింది.

హోటల్ విషయంలో దెబ్బతిన్నాం. అలమోడోమ్‌కి నడిచి వెళ్ళొచ్చని రివర్ వాక్ (నది ఒడ్డున నడిచే దారి) దగ్గర డౌన్‌టౌన్ హోటల్ తీసుకున్నాం. పేరు రాయను. రోజుకి నలభై డాలర్ల పార్కింగ్ విడిగా ఉంటుందని కౌంటర్ దగ్గర చెప్పారు. రెండు లిఫ్టుల్లో ఒకటి పనిచేయడం లేదు. షో వీకెండ్ కాబట్టి గదులన్నీ నిండాయి, ఆ ఒక్క లిఫ్టు కోసం లాబీలో పావుగంట. బ్రేక్‌ఫాస్ట్ ఉచితమన్నది యాపిల్ పండు, చల్లటి బేగెల్ వరకే. పిల్లలతో వచ్చేవాళ్ళు ఊరి అంచున లూప్ (రింగ్ రోడ్డు) దగ్గర తీసుకోవడం మేలు, గది సగం ధరకి దొరుకుతుంది. రివర్ వాక్ మాత్రం సాయంత్రం ఒక గంట నడవడానికి బాగుంది. అక్కడ భోజనానికి కూర్చోకండి, నీళ్ళ పక్కన కుర్చీకి కూడా డబ్బు కట్టినట్టే.

శనివారం పొద్దున్నే ఏడింటికి ఒక కోర్ బస చేసిన హైస్కూల్‌కి వెళ్ళాను. వంటబండిలో వాలంటీరుగా ముందే పేరిచ్చాను, బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా చేశారు. వంటబండి అంటే పద్దెనిమిది చక్రాల ట్రక్కులో కట్టిన వంటిల్లు. స్టవ్‌లు, ఫ్రిజ్‌లు, సింకులు అన్నీ లోపలే. రోజుకి నాలుగు పూటల భోజనం, నాలుగోది షో అయ్యాక అర్ధరాత్రి. నాకు పుచ్చకాయలు కోసే పని ఇచ్చారు. ముప్ఫై రెండు కాయలు కోశాను, లెక్క నాకెందుకు గుర్తుందంటే చెయ్యి ఇప్పటికీ నొప్పి. శాకాహారుల సంగతేమిటని అడిగితే వంటావిడ గోడకి అంటించిన లిస్టు చూపించింది, పేరు పేరునా ఎవరికి ఏం పడదో రాసుంది. బీన్స్, టోఫు, పీనట్ బటర్ ఉంటాయి. పప్పుచారు ఉండదు. బతకొచ్చు.

పిల్లలు ముందురోజు రాత్రి ఇంకో ఊళ్ళో షో చేసి, బస్సుల్లోనే నిద్రపోయి, తెల్లవారుజామున నాలుగింటికి ఇక్కడ దిగారట. మిగిలిన నిద్ర జిమ్ నేల మీద. లోపలికి బయటివాళ్ళని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. తలుపు తీసి ఉన్న క్షణంలో గుమ్మం దగ్గర నుంచి చూశాను. బాస్కెట్‌బాల్ గీతల మీద వరసగా గాలి పరుపులు, ప్రతిదాని పక్కన ఒక సూట్‌కేసు, గాలన్ నీళ్ళ జగ్గు. జగ్గుల మీద రంగు టేపుతో పేర్లు. అబ్బాయిలకి ఒక జిమ్, అమ్మాయిలకి ఒక జిమ్. ఏసీ గట్టిగా పనిచేస్తోంది. ప్రతి ఊళ్ళో ఇలా ఉండదని, కొన్నిచోట్ల చన్నీళ్ళ షవరే దిక్కని పక్కనే గుడ్లు కొడుతున్న ఒక నాన్న చెప్పాడు. వాళ్ళబ్బాయికిది మూడో ఏడు.

తిండి తిని అందరూ ఫీల్డ్ మీదకి వెళ్ళారు. అప్పటికి ఆయన, అమ్మాయి కూడా వచ్చి బ్లీచర్స్ మీద కూర్చున్నారు. ప్రాక్టీసు ఎవరైనా చూడొచ్చు. ఎండ తొంభై ఏడు డిగ్రీల ఫారన్‌హీట్. మొత్తం షోలో ఎనిమిది కౌంట్ల ముక్క ఒకటి తీసుకుని నలభై నిమిషాలు దానిమీదే కూర్చున్నారు. నడిచి, ఆగి, వెనక్కి పరుగెత్తి మళ్ళీ మొదటి చోటికి. నడుముకి తాడుతో కట్టుకున్న చిన్న నోటుబుక్కులో ఎవరి చుక్క, అంటే నిలబడాల్సిన చోటు, ఎక్కడో రాసి ఉంటుంది, అడుగు తేడా వస్తే అందులో చూసుకుంటారు. తాళం వేసే మెట్రోనోమ్ స్పీకరు ముందు కాదు, వెనక పెట్టారు. ఎందుకని మా అమ్మాయిని అడిగాను. ఫీల్డ్ అంత పెద్దదైతే శబ్దం ప్రయాణించడానికి సమయం పడుతుందట. ముందువాళ్ళు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని విని వాయిస్తే తప్ప చూసేవాళ్ళ చెవికి అన్నీ ఒకేసారి చేరవట. నాకు అర్థమయ్యేలా చెప్పింది. టీచరవుతుందేమో అని మొదటిసారి అనిపించింది అప్పుడే.

మధ్యాహ్నం నుంచి షో. డోమ్‌లోకి పారదర్శక సంచి మాత్రమే తీసుకెళ్ళాలి. అది చదవకుండా నా హ్యాండ్‌బ్యాగ్‌తో వెళ్ళి మళ్ళీ కారు దాకా నడిచాను, తప్పు నాదే. టికెట్ల మాట: కిందివరస ఖరీదైనవి కొనకండి. ఫీల్డ్ మీద వాళ్ళు గీసే ఆకారాలు పైనుంచే కనిపిస్తాయి, ఫీల్డ్ మధ్యలో ఉండే యాభై గజాల గీతకి దగ్గరగా ఎత్తులో కూర్చోవాలి. పక్క సీట్లలో కూర్చుంటే కప్పు ఉన్న స్టేడియంలో ప్రతిధ్వని వల్ల ఒక్కో స్వరం రెండుసార్లు వినిపించినట్టు ఉండొచ్చు. ఇంకో సంగతి, ఉచితమైనది. షోకి ముందు డ్రమ్ములవాళ్ళు బయట పార్కింగ్ స్థలంలో వార్మప్ చేస్తారు. మా చిన్నాడు అక్కడ నుంచి కదలనన్నాడు. చెవులకి ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్ళండి.

మధ్యాహ్నం మొదలైంది రాత్రి పదకొండు దాటినా నడుస్తూనే ఉంది. ఈ ఊరి కోర్ క్రాస్‌మెన్ వచ్చినప్పుడు స్టేడియం లేచి నిలబడింది. నూరు మార్కుల్లో నలభై మొత్తం ప్రభావానికి, ముప్ఫై సంగీతానికి, ముప్ఫై దృశ్యానికి. మా ఆయన మూడో కోర్ నుంచి తనే జడ్జీ అయిపోయాడు.

ఇక లెక్కలు. మేం విచారించిన మూడు కోర్లలో ఫీజు 4,500 నుంచి 6,000 డాలర్ల మధ్య ఉంది. నవంబరు, డిసెంబరులో ఆడిషన్లు, తర్వాత నెలకోసారి క్యాంపులు, వాటికి విమానం టికెట్లు అదనం. టెక్సాస్ స్కూళ్ళలో బ్యాండ్ క్యాంపు కోర్ టూరు ముగియకముందే మొదలవుతుంది, అది పోతుంది. దాని హార్న్ టీచరు ససేమిరా అంటోంది. మెలోఫోన్ మౌత్‌పీసు వేరు, పదకొండు వారాలు గట్టిగా ఊదితే హార్న్ పెదవి పట్టు చెడుతుందని ఆమె బాధ. సింఫనీలో చేరాలనుకునే పిల్లకి ఆ మాట నిజమే. బ్యాండ్ డైరెక్టర్ కావాలనుకునే పిల్లకి మాత్రం, ఎనిమిది కౌంట్లని నలభై నిమిషాలు ఎలా బాగుచేస్తారో దగ్గర నుంచి చూడటమే చదువని నాకనిపించింది.

భద్రత గురించి కూడా అడిగాను, మొహమాటపడలేదు. 2018లో ఒక పేరున్న కోర్ డైరెక్టర్ మీద లైంగిక వేధింపుల ఆరోపణలు పత్రికలకెక్కాయి, ఆయన రాజీనామా చేశాడు. అప్పటి నుంచి నిబంధనలు గట్టిపడ్డాయి. అయినా ఫిర్యాదు ఎవరికి చేయాలి, రాత్రి బస్సులో పెద్దవాళ్ళెవరుంటారు అన్నవి రాతపూర్వకంగా ఇవ్వమనండి. నేను అడిగిన ఒక కోర్ ఆ సాయంత్రమే పంపింది. ఇంకోటి ఇప్పటికీ పంపలేదు, దాన్ని లిస్టులోంచి తీసేశాం.

చివరికి తేలింది వయసు దగ్గర. 21 ఏళ్ళ దాకా చేరొచ్చు, పెద్ద కోర్లలో ఎక్కువమంది కాలేజీ పిల్లలే. పదహారేళ్ళకి పరుగెత్తాల్సిన పని లేదు. వచ్చే వేసవి ఇండియానాలో వారం రోజుల బ్యాండ్ క్యాంపుకి పంపుతాం, హార్న్ టీచరు పాఠాలు ఆగవు. నవంబరులో ఆడిషన్ వీకెండ్‌కి మాత్రం వెళ్తుంది. సీటు కోసం కాదు, అక్కడ నేర్పే తీరు చూడటానికి. ఆ పై సంవత్సరం పన్నెండో తరగతి అయ్యాక అదే తేల్చుకుంటుంది. తిరుగు దారిలో టెంపుల్ అనే ఊరి దాకా మాతో మాట్లాడలేదు. అక్కడ బ్యాటరీతో గాలి కొట్టే ఒక పరుపు కనబడితే అడిగి కొనిపించుకుంది.

ఇప్పుడు వారం నుంచి హాల్లో నేల మీద దానిమీదే పడుకుంటోంది. పరుపుకి ఎక్కడో చిన్న చిల్లుంది, తెల్లారేసరికి గాలంతా పోతోంది.