"ఈ బాక్సు కొంటే ఆసుపత్రికి ఆపరేషన్ పరికరాలు": కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

పండుగ సీజన్ వస్తోంది, ఈ అమ్మకాలు మళ్లీ మొదలవుతాయి, అందుకే ముందే రాస్తున్నా. సరైన వసతులు లేని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్‌కి పరికరాలు కొనిస్తామంటూ ఒక ఆన్‌లైన్ విక్రేత గిఫ్ట్ బాక్సులు అమ్మాడు. పోయిన సీజన్‌లో మా ఆఫీసు వాళ్లం కలిసి చాలానే తీసుకున్నాం. వస్తువుల మీద నాకేం ఫిర్యాదు లేదు, కొవ్వొత్తులూ కార్డులూ చక్కగానే వచ్చాయి. కానీ బయట దొరికే ధరకి దాదాపు రెట్టింపు పెట్టాం, ఆ పైడబ్బు ఆసుపత్రికి పోతుందనే కదా పెట్టింది!

సీజన్ అయ్యాక రిబ్బన్ కట్టిన ఒక మెషిన్ ఫోటో, కింద "మీ వల్లే సాధ్యమైంది" అని ఒక మెయిల్ వచ్చింది. ఏ మెషిన్, ఏ మోడల్, ఎంతకి కొన్నారు, ఒక్క ముక్క లేదు. అమ్మకం పేజీలో ఆసుపత్రి పేరు ఉంది కాబట్టి నేరుగా వాళ్లకే రాశాను. థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్ చాలా మర్యాదగా, కాస్త ఇబ్బంది పడుతూనే జవాబిచ్చారు. వాళ్లు అడిగింది ఆటోక్లేవ్ (పరికరాల మీది క్రిముల్ని ఆవిరితో చంపేది), సక్షన్ మెషిన్ (ఆపరేషన్‌లో రక్తం, ద్రవాలు పీల్చేసేది), పల్స్ ఆక్సీమీటర్లు (రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించేవి). అందింది ఒక పాత కాటరీ మెషిన్, అంటే కరెంటుతో కండని కోసి, రక్తం కారకుండా ఆపేది. అది 110 వోల్టులది, అక్కడి కరెంటు 230. ఫుట్ పెడల్ లేదు, రోగి ఒంటికి అంటించే ప్లేట్లు లేవు, సర్వీస్ మాన్యువల్ లేదు. స్టోర్ రూమ్‌లో పెట్టేశారట.

ఈ పరికరాల గురించి తెలియనివాళ్లకి "ఏదో ఒకటి ఇచ్చారుగా" అనిపించొచ్చు. మామూలు మోనోపోలార్ కాటరీలో కరెంటు డాక్టర్ చేతిలోని పెన్ నుంచి రోగి శరీరంలోకి వెళ్లి, ఆ ప్లేటు ద్వారానే తిరిగి మెషిన్‌కి చేరాలి. ప్లేటు లేకపోతే ఆ మెషిన్ పనికిరాదు, సరిగ్గా అంటుకోకపోతే రోగి చర్మం కాలుతుంది. ప్లేట్లు ఎక్కువగా ఒకసారి వాడి పారేసేవే కాబట్టి మళ్లీ మళ్లీ కొనాలి, ఆ డబ్బు ఎవరిస్తారు? ఇక ఆటోక్లేవ్ లేకపోతే కత్తెరలు, ఫోర్సెప్స్ ఎన్ని సెట్లు ఉన్నా ఏం లాభం, 121 డిగ్రీల ఆవిరిలో పెట్టి స్టెరిలైజ్ చేయకుండా వాటిని ఎవరి కడుపులో పెడతారు? వాళ్లు అడిగిన జాబితాలో ప్రతిదానికీ ఇలాంటి కారణం ఉంది, ఎవరూ అది చదవలేదంతే.

బాక్సు మీద పెద్ద అక్షరాలతో "ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన ఆపరేషన్ అందుబాటులో లేదు" అని వేశారు. ఆ అంకె నిజమే, 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ చెప్పింది. ఏటా ఇంకో 14.3 కోట్ల ఆపరేషన్లు జరగాల్సి ఉందని కూడా చెప్పింది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అంకె నిజం, అవసరం నిజం, ఆసుపత్రి నిజం, ఒక్క లెక్క మాత్రమే కనపడదు.

పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉన్న మాట "లాభాల్లో కొంత భాగం". కొంత అంటే ఎంతో రాయలేదు. లాభం అంటే బాక్సు ఖర్చు, ప్యాకింగ్, రవాణా, ప్రకటనలు, పేమెంట్ గేట్‌వే ఛార్జీలు, వాళ్ల జీతాలు అన్నీ పోగా మిగిలేది. అందులో మళ్లీ కొంత! "ప్రతి బాక్సుకీ ఇంత" అని స్పష్టమైన మొత్తం రాయడానికి ఏ విక్రేతకీ కష్టమేం లేదు, రాయకపోతే రాయడం ఇష్టం లేకే. గట్టిగా అడిగితే చివరికి ఒక కాగితం పంపారు, అందులో ఆ పాత మెషిన్ విలువని కొత్తదాని రేటుకి చూపించారు. దాన్ని ఎంతకి కొన్నారో, అసలు కొన్నారో లేక ఎవరైనా వదిలించుకున్నదో చెప్పమంటే ఆ తర్వాత జవాబే లేదు.

ఇది ఈ ఒక్క విక్రేత సంగతే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వైద్య పరికరాల విరాళాల మీద ఇచ్చిన పత్రంలోనే, కొన్ని దేశాల్లో ఇలా వచ్చినవాటిలో 10 నుంచి 30 శాతమే వాడకంలోకి వస్తున్నాయని రాసింది. ఆసుపత్రి అడిగినదే ఇవ్వాలి, మీ దగ్గర పనికిరాదని తీసేసినది అక్కడికీ పంపకూడదు అన్నది వాళ్ల మూల సూత్రం. సరిగ్గా చేసేవాళ్లూ ఉన్నారు. 2011లో మొదలైన లైఫ్‌బాక్స్ సంస్థ పల్స్ ఆక్సీమీటర్లు ఇచ్చి ఊరుకోదు, అక్కడి సిబ్బందికి శిక్షణ కూడా ఇస్తుంది.

కాబట్టి ఇలాంటిది కొనేముందు విక్రేతని కాదు, ముందు ఆసుపత్రిని అడగండి: ఈ అమ్మకం గురించి మీకు తెలుసా, మీరు ఏం అడిగారు? మా విషయంలో తమ పేరు వాడుతున్నట్టు ఆసుపత్రికి తెలుసు, కానీ ఏం రాబోతోందో తెలియదు. తర్వాత విక్రేతని బాక్సుకి ఎంత వెళ్తుందో, మెషిన్ బిగించి నడిపి చూపించేది ఎవరో, పాడైతే స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయో రాతపూర్వకంగా అడగండి. "ఆఫర్ ఈ రాత్రికే ముగుస్తుంది, పేషెంట్లు ఎదురుచూస్తున్నారు" అని తొందరపెడితే ఆగిపోండి. గిఫ్ట్ కార్డు, క్రిప్టో, ఎవరిదో సొంత ఖాతా అంటే అసలు మాటే వద్దు. బాక్సు కొనడం విరాళం కాదు కాబట్టి పన్ను మినహాయింపు రసీదు వస్తుందని కూడా అనుకోకండి.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్లు వెంటనే తీసుకోండి, సీజన్ అయ్యాక ఆ పేజీలు మాయమవుతాయి, మాదీ అలాగే పోయింది. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) వేయడానికి గడువు ఉంటుంది, అది దాటనివ్వొద్దు. మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, ఏదైనా తేలితే ఇక్కడే రాస్తాను. ఆ విక్రేత మాత్రం కొత్త డిజైన్ బాక్సులతో ఈసారి కూడా బుకింగ్స్ తెరిచాడు, పరికరం పేరు ఇప్పటికీ రాయలేదు.